మెదడును కడిగే నీరు ఎంత వెచ్చగా ఉండవలెను?

(ఆరోగ్య విషయములపై సంఘ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సందర్భమున ఆరోగ్యమును గూర్చి కొన్ని మాటలు చెప్పుమని కమిటీవారు నన్ను కోరినారు. మలేరియాను గూర్చియో, రక్తహీనతను గూర్చియో చెప్పుదునని మీరు అనుకొని ఉంటారు. మన అడవి అంచు గ్రామములకు అవి ముఖ్యమైన సంగతులే. అయితే వాటిని గూర్చి మీరు చాలామారులు విన్నారు. నేను ఆపరేషన్ థియేటరులో చాలాకాలము నర్సుగా పనిచేసినదానను. ఆ గదిలో నుండి ఒక చిన్న సంగతిని ఈ రోజు మీ ముందుకు తెచ్చినాను. మెదడుకు ఆపరేషన్ చేసేటప్పుడు లోపల పోసి కడిగే నీరు ఎంత వెచ్చగా ఉండవలెను? ఇదే ఆ సంగతి.

"అది డాక్టరుగారు చూచుకొనే పని, మాకెందుకమ్మా?" అని అనుకోవద్దు. చర్లలోనో, దుమ్ముగూడెములోనో ఉన్న ఒక తాతగారు ఒక్క ఆపరేషన్‌తో కోలుకొని ఇంటిపట్టున ఉంటారా, లేక మరల రెండవసారి బల్ల ఎక్కవలసి వచ్చునా అన్నది కొంతవరకు ఆ నీటి వెచ్చదనము మీద ఆధారపడి ఉన్నదని ఇప్పుడు తెలిసినది. అందుచేత ఇది మన ఇంటి సంగతే.

మొదట ఆ నీరు ఏమిటో చెప్పుతాను. అది బావి నీరు కాదు, కాచి చల్లార్చిన నీరును కాదు. మీరందరు ఎరిగిన సెలైను. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, ఏ క్రిమియు లేకుండ శుద్ధి చేసినది. మన శరీరపు ద్రవములలో ఉన్నంత ఉప్పదనమే దానిలో ఉన్నది గనుక కణములు ఉబ్బవు, ముడుచుకొనవు. తలకు ఆపరేషన్ చేసేటప్పుడు దీనిని ఎన్నో పనులకు వాడుతారు. రక్తమును కడిగి, ఎక్కడ నుండి కారుచున్నదో చూచుటకు. తెరచి ఉంచిన మెదడు దీపముల వేడికి ఎండిపోకుండ తడిగా ఉంచుటకు. రక్తనాళములను కాల్చి మూసే పరికరము చుట్టుప్రక్కల భాగములను మాడ్చకుండ ఉండుటకు. పని మారినకొలది నీటి వేడిమియు మారవలెను. అన్నిటికి ఒకటే సరిపోదు.

చల్లదనము మేలు చేసే సమయములు ఉన్నవి. పుర్రె ఎముకకు రంధ్రము చేయుటకు డ్రిల్లు త్రిప్పుతారు. వడ్రంగి బర్మాతో చేవ కర్రకు తూటు వేసిన తరువాత దాని మొన ముట్టుకొని చూడండి, చురుక్కుమనును. ఎముకకైనను అంతే. ఎముక వేడిమి 47 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరి ఒక్క నిమిషము ఉన్నను అక్కడి ఎముక కణములు చెడిపోవునని 1983లో స్వీడను దేశపు పరిశోధకులు చూపించినారు. అందుచేత డ్రిల్లు తిరుగుచున్నంత సేపు ప్రక్కన ఒకరు నిలబడి దాని మీద సెలైను పోయుచునే ఉంటారు.

ఇంకొక సమయము ఇంతకంటె ఆశ్చర్యమైనది. కొన్ని ఆపరేషన్లలో రోగిని మెలకువగా ఉంచి మెదడుకు పని చేస్తారు. మాట ఎక్కడ ఉన్నది, చేయి కదలిక ఎక్కడ ఉన్నది అని తెలిసికొనుటకు మెదడు పైభాగమును సన్నని విద్యుత్తుతో తాకి చూస్తారు. కెనడాలో డాక్టర్ పెన్‌ఫీల్డుగారు ఈ విధానమునకు పేరు పొందినవారు. ఆయన వద్ద శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాండీగారు 1949లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, మన దేశములో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగమును స్థాపించినారు. ఆలాగు తాకి చూచునప్పుడు ఒక్కొక్కసారి రోగికి అక్కడికక్కడే ఫిట్సు వచ్చును. తల తెరచి ఉండగా అది ఎంత అపాయమో ఊహించుకొనండి. అప్పుడు మంచువంటి చల్లని ద్రవమును మెదడు మీద పోస్తే ఆ ఫిట్సు కొద్ది క్షణములలోనే అణగిపోవునని అమెరికా వైద్యులు 1998లో వ్రాసినారు. ఇప్పుడు ఇట్టి ఆపరేషన్ చేసే చోట్ల చల్లని సెలైను ముందుగానే సిద్ధపరచి ఉంచుతారు. చల్లదనము నరముల తొందరను మందగింపజేయును.

ఇక వెచ్చదనమునకు వస్తాను. నేను ముఖ్యముగా చెప్పవలెనని వచ్చినది ఇదే. ఇది వృద్ధుల సంగతి.

కొబ్బరికాయను చాలాకాలము అటక మీద ఉంచితే ఏమగును? లోపలి కొబ్బరి ఎండి, చిప్పను విడిచి కురిడీ అగును. ఊపితే లోపల కదలును. వయస్సు మీదపడినకొలది మనిషి మెదడు కూడ కొంచెము కొంచెముగా తగ్గి, పుర్రెకును దానికిని మధ్య సందు ఏర్పడును. ఆ సందులో మెదడు నుండి పైపొరకు పోయే సన్నని సిరలు తీగెలవలె సాగి ఉండును. అట్టి స్థితిలో తలకు చిన్న దెబ్బ తగిలినను ఒక సిర చిట్లవచ్చును. మన తాటాకు ఇండ్ల చూరు ఎంత క్రిందికి ఉండునో మీకు తెలియును. వంగుట మరచిన ముసలమ్మకు చూరు వాసము తగులును. రాత్రి బయటికి లేచిన తాతగారు నులకమంచము కోడు తట్టుకొని పడుదురు. కొంచెము బొప్పి కట్టును, పసుపు రాస్తారు, రెండు రోజులకు అందరు మరచిపోతారు.

లోపల మాత్రము రక్తము బొట్టుబొట్టుగా ఊరుచుండును. శరీరము దాని చుట్టు ఒక పలుచని పొరను అల్లును. ఆ పొరలో పుట్టిన కొత్త రక్తనాళములు బహు బలహీనమైనవి, అవి కూడ చెమ్మ ఊరినట్లు కారుచుండును. మూడు వారములకో, రెండు నెలలకో అక్కడ నల్లని ఇంజను ఆయిలు వంటి ద్రవము నిలిచి మెదడును నొక్కును. అప్పుడు తలనొప్పి మొదలగును. నడకలో ఒక కాలు ఈడ్చును. మాట తడబడును. పగలంతయు నిద్ర. మనుమని పేరు మరచిపోవును. తెలియకుండ పక్కలో మూత్రము పోవును.

ఇంటివారు ఏమనుకొంటారు? "వయస్సు కదా" అంటారు కొందరు. "పక్షవాతము" అని పసరు వైద్యమునకు తీసికొని పోతారు కొందరు. "గాలి సోకినది" అనేవారును మన మధ్య ఉన్నారు. పడిన సంగతి ఎవరికిని జ్ఞాపకము ఉండదు గనుక డాక్టరుకు కూడ చెప్పరు. పూర్వము డాక్టర్లకు సహితము దీనిని కనుగొనుట కష్టముగా ఉండేది. 1971లో లండనులో మొదటి రోగి తలకు సి.టి. స్కానింగు తీసినారు. ఆ యంత్రము వచ్చిన తరువాత కొద్ది నిమిషములలో ఇది బయటపడుచున్నది.

ప్రియులారా, ముసలితనపు మతిమరుపు అని మనము విడిచిపెట్టిన వారిలో కొందరిది ఈ జబ్బే అయి ఉండవచ్చును. ఇది నయమయ్యే జబ్బు. మెదడు ఆపరేషన్లలో ఇది మిక్కిలి సామాన్యమైన వాటిలో ఒకటి. పుర్రెకు సుమారు అర అంగుళపు రంధ్రము ఒకటి గాని, రెండు గాని చేసి, నిలిచిన ద్రవమును బయటికి రానిచ్చి, లోపల సెలైను పోసి కడుగుతారు. బియ్యము కడిగినప్పుడు మొదటి నీరు తెల్లగా వచ్చి, పోనుపోను తేటపడినట్లు, ఆ నల్లని నీరు తేటపడువరకు కడుగుతారు. తరువాత సన్నని గొట్టమును ఒకటి రెండు రోజులు అక్కడ ఉంచుతారు. మాట పడిపోయిన మనిషి మరునాడు కాఫీ అడిగిన సందర్భములు ఈ ఆపరేషన్‌లో అరుదు కావు.

దీనిలో ఉన్న చిక్కు ఒక్కటే. కొందరికి ఆ ద్రవము తిరిగి నిలుచును. మరల తల తెరవవలసి వచ్చును. వైద్యులు దీనికి ఉపాయము వెదకుచునే ఉన్నారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చేసిన పరిశోధన 2009లో ప్రచురింపబడినది. గొట్టము పెట్టనివారిలో నూటికి 24 మందికి తిరిగి రాగా, పెట్టినవారిలో నూటికి 9 మందికే వచ్చినది. ఆనాటి నుండి గొట్టము పెట్టుట అనేకచోట్ల వాడుక అయినది.

ఆ తరువాత స్వీడను దేశపు వైద్యులు ఇంకొక ప్రశ్న వేసికొన్నారు. కడిగే నీటి వేడిమి సంగతి ఏమిటి? థియేటరులో ఉన్న సెలైను సీసాను అట్లే విప్పి పోయుట వాడుక. అది 22 డిగ్రీలు ఉండును. లోపల ఉన్న మెదడు వేడిమి 37 డిగ్రీలకు దగ్గర. అంత చల్లని నీటితో కడుగుట మంచిదేనా? వారు 2016 నుండి 2020 వరకు ఈ ఆపరేషన్‌కు వచ్చిన రోగులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా విభజించినారు. ఒక గుంపుకు 22 డిగ్రీల నీరు, రెండవ గుంపుకు 37 డిగ్రీల నీరు. ఆపరేషన్ తరువాత ఆరు నెలలవరకు కనిపెట్టి చూచినారు. ఫలితములు 2023లో వెలువడినవి.

చల్లని నీటితో కడిగిన 277 మందిలో 39 మందికి మరల ఆపరేషన్ చేయవలసి వచ్చినది. వెచ్చని నీటితో కడిగిన 264 మందిలో 16 మందికే అట్టి అవసరము కలిగినది. అనగా నూటికి 14 మంది ఎక్కడ, నూటికి 6గురు ఎక్కడ! మరణములలో గాని, ఇతర చిక్కులలో గాని రెండు గుంపులకు చెప్పుకోదగిన తేడా లేదు. కొత్త మందు లేదు, ఖరీదైన యంత్రము లేదు. నీటిని గోరువెచ్చగా చేసినారు, అంతే.

ఎందుకిట్లు జరిగినది? వైద్యులు రెండు కారణములు చెప్పుతారు. ఇక్కడ ఉన్న తల్లులకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. మీరు పాలు తోడు వేసేటప్పుడు ఏమి చేస్తారు? చన్నీళ్ళవంటి పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకొనదు. మరగిన పాలలో వేస్తే విరిగిపోవును. గోరువెచ్చగా ఉంటేనే చక్కగా తోడుకొనును. మన రక్తము గడ్డకట్టుట కూడ ఆలాంటిదే. గడ్డకట్టించే పదార్థములు శరీరపు వేడిమిలోనే చురుకుగా పనిచేయును. చల్లబడితే మందగించును. ఆ బలహీనమైన రక్తనాళముల మీద చల్లని నీరు పోస్తే, ఆగవలసిన రక్తము ఆగక ఇంకను ఊరవచ్చును. ఇది మొదటి కారణము. రెండవది, నేతి గిన్నెను చన్నీళ్ళతో కడిగితే జిడ్డు అంటుకొనియే ఉండును, వేణ్ణీళ్ళతో కడిగితే జారిపోవును. ఆ నల్లని ద్రవమును, దానిలోని గడ్డలును వెచ్చని నీటిలో ఎక్కువగా కరగి బయటికి వచ్చునని వారి అభిప్రాయము.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పవలెను. వెచ్చదనము మంచిదని విని ఎవరును ఇంటికి వెళ్ళి ముసలివారి తలకు కాపడము పెట్టవద్దు. పైన పెట్టే కాపడము లోపలికి పోదు, చర్మము కాలును. ఆపరేషన్‌లో కూడ 37 డిగ్రీలు మంచిదైతే 50 డిగ్రీలు ఇంకా మంచిది అని కాదు. మితిమీరిన వేడి మెదడుకు హాని చేయును. బిడ్డకు స్నానము చేయించే తల్లి నీటిలో మోచేయి ముంచి చూచును గాని, థియేటరులో తొడుగు వేసికొన్న చేతికి అంత సరిగా తెలియదు. థర్మామీటరుతోనే చూడవలెను.

ఇది మన ప్రాంతమునకు ఎట్లు వర్తించునో ఇప్పుడు చెప్పుతాను. "గది వేడిమి" అనే మాట పుస్తకములలో ఉండును. స్వీడనులో గది వేడిమి అంటే 22 డిగ్రీలు. కొత్తగూడెములోను, భద్రాచలములోను మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉన్నవి. రేకుల కప్పు క్రింద సామాను గదిలో ఉంచిన సెలైను సీసా ఒళ్ళు వేడి కంటె ఎక్కువ కాగి ఉండవచ్చును. అదే సీసా రాత్రంతయు ఏ.సి. గదిలో ఉంటే చన్నీరు అగును. వెచ్చజేసిన సెలైనును వెడల్పు గిన్నెలో పోసి ఉంచితే ఏ.సి. గాలికి త్వరగా చల్లారిపోవును. కనుక ఇది ఒకసారి చేసి మరచిపోయే పని కాదు, ఆపరేషన్ ముగియువరకు కనిపెట్టి చూడవలసిన పని. మన బిడ్డలలో చాలామంది నర్సులుగా, థియేటరు టెక్నీషియనులుగా పనిచేస్తున్నారు. ఖమ్మములోను, కొత్తగూడెములోను ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినవి. ముఖ్యముగా మీతో చెప్పుచున్నాను. సర్జనుగారి చేతిలో కత్తి ఉన్నది, నిజమే. ఆ నీరు మాత్రము మీ చేతిలో ఉన్నది. సీసా విప్పకముందు డాక్టరుగారిని అడగండి, థర్మామీటరు పెట్టి చూడండి.

ఇంకొక మాట. స్వీడనులో రెండవ ఆపరేషన్ అంటే అంబులెన్సు వచ్చును, ఖర్చులో చాలావరకు ప్రభుత్వము భరించును. మనకు అట్లు కాదు. చర్ల నుండి భద్రాచలమునకు సుమారు 60 కిలోమీటర్లు. భద్రాచలము నుండి హైదరాబాదుకు 300 కిలోమీటర్లకు పైగా ఉన్నది. రైలు ఎక్కవలెనంటే భద్రాచలం రోడ్డు స్టేషను ఉన్నది కొత్తగూడెములో. వానకాలములో గోదావరి పొంగితే ఆ దారియు సరిగా ఉండదు. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉన్నను, తోడుగా వెళ్ళిన ఇద్దరి కూలి పోవును, తిండి ఖర్చు, దారి ఖర్చు, వడ్డీకి తెచ్చిన అప్పు. ఒకసారి వెళ్ళివచ్చుటకే ఇల్లు ఒళ్ళు గుల్ల. నెల దాటిన తరువాత తాతగారు మరల మందగించితే, "ఆపరేషన్ కూడ చేయించినాము, ఇక దేవుని చిత్తము" అని చాప మీద పడుకోబెట్టి ఊరకుంటారు. అది దేవుని చిత్తమని తొందరపడి అనవద్దు. తిరిగి నిలిచిన ద్రవమును తిరిగి తీయవచ్చును. స్వీడనులో నూటికి 14, నూటికి 6 అనునవి మరల ఆపరేషన్ చేయించుకొన్నవారి లెక్కలు. మన అడవి అంచున ఆ ఎనిమిదిమంది తేడాలో, మరల వెళ్ళలేక ఇంటనే మిగిలిపోయేవారు ఉందురు. అందుచేతనే మొదటిసారియే సరిగా జరుగుట మనకు ఎక్కువ అవసరము.

నిజము చెప్పవలెనంటే ఇది ఒక దేశములో చేసిన ఒక పరిశోధన. ఏ రోగికి ఏది తగినదో ఆపరేషన్ చేసే డాక్టరుగారే నిర్ణయించవలెను. మీరు డాక్టరుగారితో వాదించవలెనని నేను చెప్పుటలేదు. మర్యాదగా అడుగుటలో తప్పు లేదు.

మన వంతు పని థియేటరుకు చాలా ముందే, మన ఇండ్లలో మొదలగును. స్త్రీల మైత్రి సోదరీమణులారా, మీరు వృద్ధులను దర్శించి ప్రార్థన చేసి వస్తారు. ఆ సమయమున మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది, గడచిన రెండు మూడు నెలలలో ఎక్కడైనను పడినారా, తలకు ఏమైనను తగిలినదా? రెండవది, పోయిన నెలతో పోల్చితే నడకలో, మాటలో, జ్ఞాపకములో, నిద్రలో తేడా వచ్చినదా? మూడవది, రక్తము పలచబడుటకు మందులు వాడుచున్నారా? గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మాత్రలు చాలామందికి ఇస్తారు. అవి వాడేవారికి ఈ రక్తస్రావము సులభముగా కలుగును. అయితే ఆ మాత్రలను మీ అంతట మీరు మానిపించవద్దు. చీటీని తీసికొనిపోయి డాక్టరుకు చూపండి. ఇప్పసారా అలవాటు ఉన్నవారికి కూడ ఈ జబ్బు ఎక్కువ. వారు తరచు పడుదురు, పడినది జ్ఞాపకము ఉండదు.

ఈ ప్రశ్నలకు "అవును" అని జవాబు వస్తే, తలకు స్కానింగు అవసరమా అని డాక్టరును అడగండి. పడిన సంగతిని తప్పక చెప్పండి, రెండు నెలల క్రిందటిదైనను చెప్పండి. మనిషి మగతగా ఉండి లేపినను లేవకపోయినను, వాంతులు, ఫిట్సు వచ్చినను, ఒక ప్రక్క కాలు చేయి పడిపోయినను తెల్లవారువరకు ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి. యౌవనస్థులారా, మోటారు సైకిలు మీద నుండి పడిన దెబ్బ దీనివలె నెలలు ఆగదు, గంటలలో ప్రాణము తీయును. హెల్మెట్టు పెట్టుకొనండి.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మనవి. ప్రతి పాస్టరేటులోను ఒకటిరెండు కుటుంబములవారు ఇట్టి రోగిని పట్టణమునకు తీసికొనిపోవలసి వచ్చునప్పుడు, దారి ఖర్చుకును, తోడు వెళ్ళుటకును సంఘము కొంత ఏర్పాటు చేయవలెను. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన వృద్ధులను ఆరు నెలలవరకు నెలకొకసారి ఎవరైనను వెళ్ళి చూడవలెను. తిరిగి మందగించినట్లు కనబడితే ఆ దినమే కబురు చేయవలెను. ఆ ఆరు నెలలే ముఖ్యము.